పాతబస్తీలో ఉస్మానియా గడప

చార్మినార్ చూడవచ్చినవాళ్లు నయాపూల్ దాటి నేరుగా ముందుకు సాగిపోతారు. కుడివైపు మళ్లి హైకోర్టు దాటితే సిటీ కాలేజీ. అటు తిరిగేవాళ్లు తక్కువ.

ఉస్మానియా యూనివర్సిటీ అనగానే ఆర్ట్స్ కాలేజీ మెట్లే మనసులో మెదులుతాయి. ఆ భవనం తెరిచింది 1939లో. అంతకు ముందు, 1919లో, విశ్వవిద్యాలయం పాఠాలు మొదలుపెట్టింది గన్‌ఫౌండ్రీలో అద్దె ఇళ్లలో. యూనివర్సిటీకి ఆ సొంత కొలువు అమరకముందే, 1921లో, పాతబస్తీ పిల్లలకు మూసీ ఒడ్డున ఇప్పటి సిటీ కాలేజీ భవనం దక్కింది. సిటీ హైస్కూల్ ఇక్కడికి వచ్చింది. ముప్పై మందితో ఉస్మానియా ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. 1929లో అదే సిటీ కాలేజీ అయింది. చదువు ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలూ ఆ ఉర్దూలోనే లెక్కలు, సైన్సు నేర్చుకున్నారు.

ఈ ఒడ్డుకు ఇంత అందం రావడం వెనుక పెద్ద దుఃఖం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలను మింగింది. ఆ తర్వాతే నగరాన్ని తిరిగి దిద్దే పని మొదలైంది. కలకత్తా విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించిన విన్సెంట్ ఎష్‌ను నిజాం ప్రభుత్వం పిలిపించింది. హైకోర్టు, నది అవతల ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ స్టేషన్, ఈ కాలేజీ ఆయన గీసినవే. కాలేజీ ముందు నిలబడి ఆ గుమ్మటాలను, ఝరోకాలను చూసి, తర్వాత హైకోర్టు వైపు చూడండి. ఒకే చేతి పని అని ఇట్టే తెలిసిపోతుంది.

మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడే ఉర్దూ సాహిత్యం బోధించారు. తర్వాత ఉద్యోగం వదిలి కార్మికుల మధ్యకు, తెలంగాణ సాయుధ పోరాటంలోకి వెళ్లారు.

1952 సెప్టెంబరు 3 ఈ కాలేజీకి మరువరాని రోజు. ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంటూ వరంగల్‌లో రగిలిన ముల్కీ ఉద్యమం ఇక్కడికీ పాకింది. విద్యార్థులు వీధిలోకి వచ్చారు, పోలీసులు కాల్పులు జరిపారు. మర్నాడూ తుపాకులు పేలాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. తెలంగాణ ఉద్యమ చరిత్రను 1969 నుంచే మొదలుపెట్టేవారు ఈ వీధిని మరిచిపోతున్నారని నా బాధ. ఆ నివేదిక ఇక్కడ చేరే ప్రతి విద్యార్థి చేతికీ అందాలి.

ఇవాళ ఇది ఉస్మానియా పరిధిలోని స్వయంప్రతిపత్తి గల ప్రభుత్వ కళాశాల. డిగ్రీతో పాటు పీజీ చదువులూ ఉన్నాయి. చార్మినార్‌కు వచ్చినవారు ఓ పూట ఇటూ నడవాలి. సెలవు రోజున కాదు, తరగతులు జరిగే రోజున రండి. ఎష్ కట్టింది బొమ్మలా చూడటానికి కాదు, చదువుకోవడానికి.