కొత్త చేతికి కట్టిన ధర

బ్రిటన్‌లో పదిహేడేళ్లు నిండిన కుర్రాడు లెర్నర్ లైసెన్సు తీసుకుని, పరీక్ష పాసై, ఒక పాత కారు కొనుక్కుంటే, తొలి ఏడాది బీమా ప్రీమియం ఒక్కోసారి ఆ కారు ఖరీదునే మించిపోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో పద్దెనిమిదేళ్ల యువకుడు తన పేరున కారు కొంటే, చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమాకు అతనూ అరవై ఏళ్ల పెద్దమనిషీ ఒకే మొత్తం కడతారు. విశేషమేమిటంటే ఈ రెండు దేశాల బీమా చట్టాలూ ఒకే వేరు నుంచి మొలిచినవి. మన 1939 మోటారు వాహనాల చట్టంలోని బీమా అధ్యాయానికి 1930 నాటి బ్రిటిష్ చట్టమే నమూనా. మరి ఒకచోట కొత్త డ్రైవరుకు మోయలేని భారమైన బీమా ఇంకొకచోట అందరితో సమానంగా ఎలా అందింది? కుర్రాళ్లు ఎక్కువ ప్రమాదాలు చేస్తారన్నది అందరూ చెప్పే జవాబు. అందులో నిజముంది, కానీ కుర్రాళ్ల దూకుడు రెండు దేశాల్లోనూ ఉన్నదే. తేడా చరిత్రలో ఉంది. బీమా కొని తీరాలని శాసించిన ప్రభుత్వం ఆ బీమా ధరకు కూడా పూచీ పడిందా లేదా అన్నదే అసలు తేడా అని నా వాదన.

బ్రిటన్‌లో 1903 మోటారు కారు చట్టం కారు నడపడానికి పదిహేడేళ్లు నిండాలని నిర్ణయించింది. అయిదు షిల్లింగులు కడితే లైసెన్సు చేతికొచ్చేది. నడపడం వచ్చో రాదో చూసే పరీక్షే లేదు. 1930 నాటికి వాహనాలు దాదాపు 23 లక్షలకు పెరిగాయి, ఆ ఒక్క ఏడాదే రోడ్ల మీద 7 వేల మందికి పైగా చనిపోయారు. కారు కింద పడి కాలో చెయ్యో పోగొట్టుకున్నవాడు కోర్టులో గెలిచినా, కారు నడిపినవాడి దగ్గర చిల్లిగవ్వ లేకపోతే ఆ తీర్పు కాగితానికే పరిమితమయ్యేది. అందుకే 1930 రోడ్డు ట్రాఫిక్ చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. డ్రైవింగ్ పరీక్ష ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1934లో చట్టమై, 1935 మార్చిలో ఐచ్ఛికంగా మొదలై, అదే ఏడాది జూన్ 1 నుంచి తప్పనిసరి అయింది. ఎర్రటి ఎల్ అక్షరం పలక కూడా అప్పుడే వచ్చింది. ఈ వరుసను గమనించాలి. డ్రైవరుకు పని వచ్చో లేదో తేల్చకముందే అతని చేత బీమా కొనిపించారు, ఎందుకంటే ఆ బీమా ఉద్దేశం డ్రైవరును కాపాడడం కాదు, దారినపోయే మనిషిని ఆదుకోవడం. అయితే కొనాలని చెప్పిన ఆ చట్టం ఎంతకు కొనాలో చెప్పలేదు. ధరను కంపెనీలకు వదిలేసింది.

బాధితుడి కోసం కట్టిన ఈ ఏర్పాటును తర్వాతి దశాబ్దాలు ఇంకా బలపరిచాయి. బీమా లేని బండి ఢీకొట్టినా పరిహారం అందేలా కంపెనీలన్నీ కలిసి 1946లో మోటార్ ఇన్సూరర్స్ బ్యూరోను పెట్టాయి. ఆ ఖర్చు చివరికి బీమా కట్టేవాళ్లందరి ప్రీమియంలోకీ వచ్చి చేరుతుంది. నేర్చుకునేవాళ్ల విషయంలో నిర్ణాయకమైన తీర్పు 1971లో వచ్చిన నెటిల్‌షిప్ వర్సెస్ వెస్టన్ కేసు. స్నేహితురాలికి కారు నేర్పడానికి ఒప్పుకునే ముందు ఆ నేర్పేవాడు బీమా ఉందో లేదో అడిగి తెలుసుకున్నాడు. మూడో పాఠంలో కారు దీపస్తంభాన్ని ఢీకొని అతని మోకాలి చిప్ప విరిగింది. అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగ్ తదితరుల ముందుకు వచ్చిన ప్రశ్న ఒకటే: నేర్చుకుంటున్న మనిషి నుంచి ఆరితేరిన డ్రైవరు జాగ్రత్తను ఆశించవచ్చా? ఆశించవచ్చనే కోర్టు చెప్పింది. నైతికంగా ఆమె తప్పు లేకపోయినా బీమా ఉంది గనక భారం ఆమె వైపే పడాలని డెన్నింగ్ దాపరికం లేకుండా రాశారు. నైపుణ్యం ఇంకా అబ్బని మనిషి మీద పూర్తి బాధ్యత మోపడానికి న్యాయస్థానానికి ధైర్యం ఇచ్చింది బీమాయే. అంటే నేర్చుకునేవాడి బీమా సమాజం తన అవసరం కోసం అతని చేత కొనిపించే వస్తువు. ఆ అవసరం సమాజానిదైనప్పుడు ధరలోనూ సమాజానికి పాలు ఉండాలి కదా.

బ్రిటన్ ఆ పాలు తీసుకోలేదు. పెద్ద కంపెనీలు చాలాకాలం కూడబలుక్కుని ఉమ్మడి టారిఫ్ నడిపాయి. వాటికంటే తక్కువకు అమ్ముతామంటూ 1960లలో కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఖరీదైన బీమాతో విసిగినవాళ్లు అటు పరుగెత్తారు. ఎమిల్ సవుంద్ర 1963లో పెట్టిన ఫైర్ ఆటో అండ్ మెరైన్ కంపెనీ 1966లో కూలిపోయి, దాదాపు 4 లక్షల మంది వాహనదారులను నడిరోడ్డు మీద వదిలేసింది. సవుంద్ర 1968లో మోసం నేరం కింద జైలుకు వెళ్లాడు. 1971లో వెహికల్ అండ్ జనరల్ కంపెనీ కూలినప్పుడు బీమా పోగొట్టుకున్నవాళ్లు సుమారు 8 లక్షల మంది. ఆ దెబ్బతో 1975లో పాలసీదారుల రక్షణ చట్టం తెచ్చి, దివాలా తీసిన కంపెనీల బాకీలను మిగతా కంపెనీలు తీర్చే ఏర్పాటు చేశారు. చట్టం కొనమంటుంది, ధర అందదు, ఈ రెంటి మధ్య నలిగినవాడు ఎవరు చవకగా ఇస్తామంటే వాళ్లను నమ్ముతాడు. కంపెనీ కూలాక నష్టాన్ని అందరికీ పంచడానికి సిద్ధపడిన ప్రభుత్వం, కూలకముందే ధరను పంచే ఆలోచన మాత్రం చేయలేదు.

ఉమ్మడి టారిఫ్ పోయాక పోటీ అంతా మనుషులను వర్గాలుగా ఏరడంలోకి మళ్లింది. వయసు, ఉద్యోగం, ఇంటి చిరునామా, కారు రకం, ఆడా మగా అన్న లెక్కలతో ప్రతి కంపెనీ మంచి బేరాన్ని తనవైపు లాక్కుని మిగిలినవాళ్లకు రేటు పెంచింది. 1985లో డైరెక్ట్ లైన్ అనే కంపెనీ ఫోను ద్వారా అమ్మకం మొదలుపెట్టాక, 2000ల ఆరంభంలో ధరలు పోల్చి చూపే వెబ్‌సైట్లు వచ్చాక, ఈ ఏరివేత ఇంకా పదునెక్కింది. 2011 మార్చిలో ఐరోపా న్యాయస్థానం టెస్ట్ అషా కేసులో లింగభేదాన్ని బట్టి ప్రీమియం మార్చకూడదని తీర్పునిచ్చింది. అది 2012 డిసెంబరు 21 నుంచి అమలైంది. లెక్కల్లో కుర్రాళ్లకూ అమ్మాయిలకూ తేడా ఉన్నమాట నిజమే అయినా, ఆ నిజాన్ని ధరగా మార్చడం న్యాయం కాదని చట్టం తేల్చింది. విచిత్రంగా అదే ఏడాది బ్రిటన్ సేవల్లో వయోవివక్షను నిషేధిస్తూ ఆర్థిక సేవలకు మినహాయింపు ఇచ్చింది. అంటే ఏ తేడాను ధరలోకి రానివ్వాలో, దేన్ని రానివ్వకూడదో గణితం చెప్పలేదు, శాసనం చెప్పింది. కుర్రాడి ప్రీమియం ప్రకృతి నియమమేమీ కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మన దారి చూద్దాం. 1939 చట్టంలోని బీమా అధ్యాయం 1946 జులై 1న అమల్లోకి వచ్చింది. 1973 ఆరంభానికి 107 సాధారణ బీమా కంపెనీలను జాతీయం చేసి నాలుగింటిగా కలిపేశారు. ధరలు టారిఫ్ సలహా సంఘం పట్టికల ప్రకారం నడిచేవి. 1988 చట్టం కూడా బీమాను తప్పనిసరిగానే ఉంచింది. 1999 తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 2007 జనవరి నుంచి సొంత వాహనానికి జరిగే నష్టం మీది బీమా ధరను కంపెనీలకు వదిలినా, థర్డ్ పార్టీ ధరను ప్రభుత్వ వ్యవస్థ తన చేతుల్లోనే ఉంచుకుంది. 2022 జూన్‌లో వచ్చిన పట్టిక ప్రకారం 1000 సీసీ లోపు ప్రైవేటు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. ఇంజను పరిమాణమే తప్ప నడిపేవాడి పుట్టినతేదీకి అందులో చోటు లేదు. ప్రైవేటు కారు పాలసీలోని డ్రైవరు నిబంధన లెర్నర్ లైసెన్సుదారుణ్ణి కూడా స్పష్టంగా చేర్చుకుంటుంది, పక్కన లైసెన్సున్నవాడు కూర్చుని నేర్పడం వంటి నియమాలు పాటిస్తే చాలు. లెర్నర్ లైసెన్సూ లైసెన్సేననీ, ఆ సాకుతో బాధితుడికి పరిహారం ఎగ్గొట్టడం కుదరదనీ 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వయసు చూడని ఈ ధరకు గట్టి అభ్యంతరం ఒకటుంది. బ్రిటన్‌లో 17 నుంచి 24 ఏళ్ల మగ డ్రైవర్లు చనిపోయే, తీవ్రంగా గాయపడే అవకాశం పాతికేళ్లు దాటిన డ్రైవర్లకంటే సుమారు నాలుగు రెట్లు. అందరికీ ఒకే ధర పెడితే జాగ్రత్తగా నడిపే పెద్దవాడి సొమ్ముతో దూకుడు కుర్రాడిని పోషించినట్టు కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ యౌవనం తక్కిన తేడాల లాంటిది కాదు. ప్రతి డ్రైవరూ ఆ దశ దాటే వచ్చాడు. ఇవాళ కొంచెం ఎక్కువ కడుతున్న యాభై ఏళ్ల మనిషి నిన్న తక్కువ కట్టినవాడే. మన ఊళ్లలో చీటీ పాటలో ముందు ఎత్తుకున్నవాడు తర్వాత నెలనెలా కట్టి తీర్చినట్టు, జీవితకాలం మీద లెక్క సరిపోతుంది. పైగా వయసు నడవడికి కొలత కాదు. దూకుడుగా నడిపే వెయ్యిమందికీ, ఒద్దికగా నడిపే మిగతా లక్షలమందికీ ఒకే శిక్ష వేసే ధర ఎవరికీ జాగ్రత్త నేర్పదు. జాగ్రత్త నేర్పడానికి వేరే సాధనాలున్నాయి. ఉత్తర ఐర్లండ్‌లో పరీక్ష పాసైనవాళ్లు తొలి ఏడాది ఆర్ పలక పెట్టుకుని గంటకు 45 మైళ్లు మించకుండా నడపాలన్న నియమం ఉంది. బ్రిటన్‌లో 1997 నుంచి తొలి రెండేళ్లలో ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్సే రద్దవుతుంది. కారులో అమర్చే బ్లాక్ బాక్స్ నడిపిన తీరును కొలుస్తుంది. అలా కొలిచి ప్రీమియం నిర్ణయించే పాలసీలను మన దగ్గర 2022లో సొంత నష్టం బీమాకు అనుబంధంగా అనుమతించారు. నడవడిని కొలిచే సాధనం చేతిలో ఉన్నప్పుడు పుట్టినతేదీని బట్టి మనిషిని తూచడానికి సాకు ఇంకా తగ్గిపోతుంది.

రెండో అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. ధర అదుపులో ఉన్నంత మాత్రాన అందరూ బీమా కొంటున్నారా? కొనడం లేదు. మన రోడ్ల మీది వాహనాల్లో సగానికి పైగా బీమా లేకుండానే తిరుగుతున్నాయని పార్లమెంటరీ స్థాయీ సంఘమే చెప్పింది. ధరను అణచిపెడితే ఎవరో ఒకరు నష్టపోతారన్నదీ నిజమే. 2007లో వాణిజ్య వాహనాల కోసం పెట్టిన థర్డ్ పార్టీ పూల్ కంపెనీలకు భారీ నష్టాలు తెచ్చి 2012లో రద్దయింది. ఈ రెండూ మన వ్యవస్థలో ఉన్న లోపాలే. కానీ మొదటిది తనిఖీల లోపం, వయసు చూడని ధర వల్ల పుట్టింది కాదు. బ్రిటన్‌లో భారీ ప్రీమియం తప్పించుకోవడానికి కారు కొడుకుదైనా తండ్రే ప్రధాన డ్రైవరని రాసి మోసగించే పద్ధతి బలపడిందని గుర్తుంచుకుంటే, ఖరీదైన బీమా కూడా చట్టాన్ని ఎలా బీటలు వారుస్తుందో అర్థమవుతుంది. రెండోది ధరను పరిహారాల లెక్కకు తగ్గట్టు క్రమం తప్పకుండా సవరించకపోవడం వల్ల వచ్చిన చిక్కు. మొత్తం ధర ఖర్చును తట్టుకునేలా ఉండాలి. ఆ మొత్తాన్ని ఎవరి మీద ఎంత వేయాలన్నది మాత్రం వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న తెలుగువాళ్లకు దూరపుది కాదు. మన దేశంలో ఏళ్లతరబడి కారు నడిపి చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లినవాళ్లు పన్నెండు నెలలు దాటాక అక్కడి ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని మళ్లీ లెర్నర్లు కావాల్సిందే. ఇక్కడి నో క్లెయిమ్ బోనస్‌ను అక్కడి కంపెనీలు చాలావరకు లెక్కలోకి తీసుకోవు. అనుభవం ఉన్న ఇరవై నాలుగేళ్ల ఇంజనీరు కూడా కొత్త చేయిగానే లెక్కకు వస్తాడు. మన దగ్గర థర్డ్ పార్టీ ధరను కూడా కంపెనీలకు వదిలేయాలన్న వాదన అప్పుడప్పుడూ వినిపిస్తుంది. బ్రిటన్ తొంభై ఏళ్ల అనుభవం దానికి ముందే జవాబు చెప్పింది. తప్పనిసరి చేసిన బీమా ధరను ఖర్చుకు సరిపడా ఏటా సవరించండి, బీమా లేని బండ్లను పట్టుకోండి, దూకుడుగా నడిపినవాడికి లైసెన్సు దగ్గరే కళ్లెం వేయండి. నేర్చుకునే వయసును మాత్రం ధరగా మార్చకండి. బాధితుడి కోసం పుట్టిన చట్టం నేర్చుకునేవాణ్ణి రోడ్డు మీదికి రానీయకుండా చేస్తే, దాని ఉద్దేశం సగమే నెరవేరినట్టు.