పేరెత్తకుండా చెప్పిన మాటలు

మాఘ శుద్ధ ఏకాదశి దగ్గర పడిందంటే కృష్ణా జిల్లా ఉయ్యూరు ఇళ్లకు ఆడపడుచుల రాక మొదలవుతుంది. ఊరి దేవత వీరమ్మ తల్లి తిరునాళ్లు పదిహేను రోజులు. అత్తలు, కోడళ్లు, మరదళ్లు ఒకే వంటింట్లో చేరాక సామెతలకు కొదవేముంది? ‘అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చింది’ అన్నది ఏ పండితుడో తీరిగ్గా రాసిన మాట కాదు. మనసు చివుక్కుమన్న మనిషి నోటి మాట.

అది ఏనాటిదో ఏ శాసనమూ చెప్పదు. శాసనాలకు దానాలు, దాతలే కావాలి. సాహిత్యంలో మాత్రం ఇంటి మాట వినిపిస్తుంది. 13వ శతాబ్దంలో తిక్కన భారత పాత్రల చేత ఇంటి తెలుగు మాట్లాడించాడు. 17వ శతాబ్దానికి మొవ్వ గోపాలుడి భక్తుడు క్షేత్రయ్య పదాల్లో నాయికలు పొరుగమ్మతో గోడు చెప్పుకున్నట్టే అలిగారు, దెప్పారు.

ఆ మాటల సొగసు కళ్లారా చూడాలంటే ఉయ్యూరు నుంచి పామర్రు మీదుగా కూచిపూడి వెళ్లాలి. సిద్ధేంద్రయోగి రచనగా చెప్పుకునే భామాకలాపం అక్కడిదే. తెర వెనక నుంచి సత్యభామ జడ తెర మీద పడుతుంది. అందంలో, చదువులో నన్ను మించినవారెవరని సవాలు! అంత గడుసు ఇల్లాలు కాస్తా కృష్ణుడితో మాట పట్టింపు వచ్చి విరహాన పడుతుంది. ఆయన్ను పిలుచుకురమ్మని చెలికత్తె మాధవిని బతిమాలుతుంది. ‘ఇంతకీ మీ ఆయన పేరేమిటమ్మా?’ అంటుంది మాధవి. అక్కడ చూడాలి భామ అవస్థ! మగని పేరు ఎత్తకూడదు, చెప్పకపోతే కబురు వెళ్లదు. సిగ్గుతో మెలికలు తిరుగుతూ ఆనవాళ్లు చెబుతుంది. మాధవి అర్థం కానట్టే నటిస్తుంది. పైగా సాయానికి బదులు భామ ముక్కెర అడుగుతుంది! ఈ సత్యభామను తరతరాలుగా మగవారే ఆడారు. వేదాంతం సత్యనారాయణశర్మ భామగా కట్టిన వేషం తెలుగునాట ఇప్పటికీ తలుచుకుంటారు; 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ ఒక్క ఘట్టంలో సామెతల పుట్టుక రహస్యం ఉంది. మగని పేరు పలకరాదు, అత్తకు ఎదురు చెప్పరాదు. నోరు కట్టేసిన చోట ‘కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డి నాకింది’ వంటి మాటే ఆడవాళ్లకు దారి చూపింది.

1868లో మద్రాసులో కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ రెండు వేలకు పైగా తెలుగు సామెతలను ఇంగ్లీషు అర్థాలతో ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’గా అచ్చువేయించాడు. మాట దక్కింది. ఎవరు, ఎవరిని, ఎందుకన్నారో మాత్రం పుస్తకానికి ఎక్కదు కదా.

తర్వాతి కాలంలో ఉయ్యూరుకు చక్కెర ఫ్యాక్టరీ, దానితో కొత్తవారూ వచ్చారు. అలా వచ్చినవారితోనూ అన్నయ్యగారు, వదినగారు అని వరస కలిపేయడం ఈ సీమ అలవాటు. ఇప్పుడు బెజవాడ అపార్టుమెంట్లలో అంకుల్, ఆంటీలతో సరిపోతోంది. భార్య భర్తను పేరు పెట్టి పిలుస్తోంది. అది మంచి మార్పే, దానికి విచారించనక్కర్లేదు. కానీ ఒక్కగానొక్క కొడుకున్న ఇంట్లో తోడికోడలెవరు? ఆమె నవ్వితే కలిగే బాధ పిల్లలకు ఎలా తెలుస్తుంది?

మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే పక్కన కూర్చుని అడగండి. సామెతతో పాటు అది ఎవరి మీద విసిరారో, ఎందుకు విసిరారో కూడా రాసి ఉంచండి.