బొబ్బిలి కోటలో నిప్పు పెట్టిందెవరు?

మా ముద్దనూరు సీమలో వీరగల్లులు కొత్త కాదు. కత్తి పట్టిన మగవాడుంటే వీరుడి రాయి, చెయ్యెత్తి నిలబడ్డ ఆడమనిషి ఉంటే సతి రాయి. ఆ రాతికి పసుపు పూస్తున్న మా అవ్వని చిన్నప్పుడు అడిగాను, ఈమె ఎందుకు చచ్చిపోయిందని. "మొగునెంట పోయిందిలేమ్మా" అంది. పోయిందా, పంపారా? ఆ ప్రశ్న బొబ్బిలి యుద్ధ స్తంభం దగ్గర మళ్ళీ ఎదురొచ్చింది.

1757 జనవరి 24న జరిగిన యుద్ధానికి గుర్తుగా, 134 ఏళ్ళ తర్వాత, 1891లో బొబ్బిలి మహారాజా ఆ స్తంభం నిలబెట్టించారు. బుస్సీ ఫిరంగుల అండతో విజయనగరం విజయరామరాజు కోటను ముట్టడించడం, రాజా రంగారావు నేలకొరగడం, తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడి పగ తీర్చుకోవడం మనకు కంఠతా వచ్చు. బుర్రకథలూ, 1964 నాటి సినిమా నేర్పిన చరిత్ర అది. అందులో కోటలోని ఆడవాళ్ళది ఆత్మత్యాగం.

1778లో అచ్చయిన రాబర్ట్ ఓర్మ్ చరిత్ర మరోలా చెబుతుంది. ఇళ్ళకు నిప్పు పెట్టింది సొంత మగవాళ్ళే. మంటల్లోంచి బయటపడబోయిన ఆడవాళ్ళనీ పిల్లల్నీ బల్లేలతో వెనక్కి నెట్టారు, బాకులతో పొడిచారు. ఓర్మ్ ఆ కోటలో లేడు. ఈస్టిండియా కంపెనీ మనిషి, ఈ దేశాన్ని వింతగా చూసే కళ్ళు అతనివి. అదంతా గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా ఆ ఒక్క వివరాన్ని దాటిపోలేం. బయటపడబోయినవాళ్ళున్నారంటే, బతకాలనుకున్నవాళ్ళున్నారనే కదా! ఆత్మత్యాగం అన్న మాట వాళ్ళ పరుగుని తుడిచేసింది. 1947లో పంజాబులో తండ్రులూ అన్నలూ చంపిన ఆడవాళ్ళని కూడా ఇలాగే అమరుల్ని చేశారని ఊర్వశీ బుటాలియా పుస్తకం మనకు చూపించింది.

ఓర్మ్ ఇంకో సంగతి రాశాడు. యుద్ధం ముగిశాక ఒక ముసలాయన రంగారావు కొడుకుని ఫ్రెంచివారి దగ్గరికి తీసుకొచ్చాడట. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా ఈ బిడ్డని కాపాడానన్నాడట. మగబిడ్డ కోసం మాట కాదంటే వంశం నిలిచింది, అది విశ్వాసమైంది. తన ప్రాణం కోసం గడప దాటబోయిన స్త్రీకి దక్కింది బల్లెం పోటు.

స్తంభాన్ని కూల్చమనడం లేదు. దాని నీడలో ఆ పరుగుకి కూడా చోటివ్వమంటున్నాను. మా అవ్వ ఇప్పుడు లేదు. ఉంటే, "పోయింది" అన్న మాట దగ్గరే ఆపి, మళ్ళీ అడిగేదాన్ని.