ఆసిఫాబాద్ ప్రాంతంలో ఆశ్రయదాతలు (1940–48)

సర్కారు వెతుకుతున్న మనిషికో, మూక తరుముతున్న పొరుగువాళ్లకో మామూలు కుటుంబాలు ఇంట్లో చోటిచ్చిన చరిత్ర ఇది. జర్మనీ ఆక్రమించిన దేశాల్లో యూదులను దాచిన కుటుంబాలతో దీన్ని పోల్చవచ్చు. అయితే ఒక జాతిని మొత్తంగా తుడిచిపెట్టాలన్న ప్రభుత్వ పథకం ఇక్కడ లేదు కనుక పోలికను ఒక హద్దు దాకానే లాగాలి. తలుపు తీసినవాడి మీదికి వచ్చే ముప్పు మాత్రం ఇక్కడా చిన్నది కాదు.

ఈ ప్రాంతంలో అందరి నోటా ఉన్న ఉదంతం కొమురం భీంది. ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో పుట్టిన గోండు యువకుడు. తాము పోడు కొట్టి పండించిన పంట తనదంటూ వచ్చిన పట్టాదారు సిద్ధిఖ్ ఆ గొడవలో చనిపోయాడనీ, భీం సరిహద్దు దాటి చాందా (నేటి చంద్రపూర్) వైపు పోయాడనీ గోండులు చెప్పుకుంటారు. అక్కడ విఠోబా అనే అచ్చుపనివాడు అన్నం పెట్టి, అక్షరాలు కూడా నేర్పాడట. కొన్నేళ్లు అస్సాం తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చాక కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ జీతానికి పెట్టుకున్నాడు. వెతికే పోలీసుకు కొత్త మనిషి కంటబడతాడు గానీ, దున్నేకాలంలో జీతగాణ్ని ఎవరూ రెండోసారి చూడరు. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవల ఈ కథను గూడేలు దాటించి తెలంగాణ అంతటా తిప్పింది.

1940లో జోడేఘాట్ గుట్టల్లో పన్నెండు గూడేలు నిజాం సర్కారు మీద తిరగబడ్డ భీం వెనక నిలిచాయి. తిండి, కబురు, దారి అన్నీ ఆ గూడేలవే. చివరకు పోలీసులకు దారి చూపింది కూడా తమవాడేనని అక్కడివాళ్లే చెబుతారు, దాచకుండా. భీం చనిపోయిన రోజు గురించి ఒక్కో రాతలో ఒక్కో తేదీ ఉంది. జోడేఘాట్‌లో వర్ధంతి మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడే.

రెండో ప్రపంచ యుద్ధం ఈ అడవికి మరో మనిషిని తెచ్చింది. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ది, 1938లో ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో, జర్మన్ పాస్‌పోర్టు అయింది. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్‌వారి లెక్కలో ఆయన శత్రుదేశీయుడు. హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదని కట్టడి చేశారు. భీం తిరుగుబాటు తర్వాత గోండుల స్థితిగతులు పరిశీలించే పని ఆయనకు దక్కింది. భార్య బెట్టీతో కలిసి జైనూరు దగ్గరి మార్లవాయిలో కాపురం పెట్టాడు. ఇది దాచిపెట్టిన కథ కాదు, సర్కారుకు తెలిసి జరిగిందే. కానీ ఒక రాజ్యం శత్రువన్న మనిషిని ఆ ఊరు తనలో కలుపుకుంది. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలో ఉంది.

పొరుగింటివాళ్లను దాచడమన్న మాట అక్షరాలా నిజమైంది 1948లో. అంతకు ముందు ఏడాదిగా, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దాడులకు సరిహద్దు పల్లెల జనం పిల్లాపాపలతో మధ్యపరగణాల వైపు పారిపోయారు. సంస్థాన కాంగ్రెస్ సరిహద్దు శిబిరాల్లో చాందా ఒకటి. సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాతి వారాల్లో తరిమేవాళ్లు, పరుగెత్తేవాళ్లు తారుమారయ్యారు. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు కూడా బలయ్యాయి.

నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిత్ సుందర్‌లాల్, ‘పయామ్’ ఉర్దూ పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా సంస్థానంలో తిరిగారు. మృతులు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని వాళ్ల నివేదిక అంచనా. ఎక్కువ నష్టపోయినవిగా చెప్పిన ఎనిమిది జిల్లాల్లో, ఆసిఫాబాద్ అప్పుడున్న ఆదిలాబాద్ లేదు. అదే నివేదికలో కొద్ది వాక్యాలు ఆశ్రయదాతల గురించి ఉన్నాయి: ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువాళ్లను కాపాడిన హిందువులున్నారని, ఒకే వృత్తివాళ్ల మధ్య ఈ ఆత్మీయత మరీ ఎక్కువని, హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అండగా నిలిచి చనిపోయారని కూడా.

నేతగాళ్లే ఎందుకు? నేతవాడ చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు. పడుగును వీధి పొడవునా పరిచి గంజి పట్టించి, ఆరేలోగా పోగుకు పోగు అంటకుండా దువ్వాలి. ఒక్క ఇంటి చేతులు చాలవు. ఇవాళ వీళ్ల పడుగు, రేపు వాళ్లది. పొద్దున్నే ఒకే పడుగుకు అటూ ఇటూ నిలబడే ఇద్దరిలో ఒకడి ఇంటికి మూక వస్తోందంటే, రెండోవాడికి అది వేరే మతంవాడి ఇల్లుగా కాక, రేపు సాయం రావలసిన ఇల్లుగా కనిపిస్తుంది.

యూరప్‌లో ఇలాంటివాళ్లకు ఒక పట్టిక ఉంది. జెరూసలేంలోని యాద్ వాషెమ్ సంస్థ 1963 నుంచి, ముఖ్యంగా బతికి బయటపడినవాళ్ల సాక్ష్యం మీద, 28,000 మందికి పైగా గుర్తించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అన్నా ఫ్రాంక్ కుటుంబానికి సరుకులు చేరవేసిన ఆఫీసు ఉద్యోగిని మీప్ గీస్ అందులో ఒకరు. ఇక్కడ మాత్రం సుందర్‌లాల్ కమిటీ నివేదికను సర్కారు బయటపెట్టలేదు. 2013 నాటికి గానీ అది మామూలు పాఠకుల చేతికి రాలేదు. 1948లో తలుపు తీసిన ముప్పయ్యేళ్ల మనిషి బతికుంటే అప్పటికి తొంభై అయిదేళ్లు.