అగ్ని ప్రమాదాల లెక్కల్లో మన ఊళ్ళు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరగడం మనందరికీ తెలిసినదే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా రేవులో మందుగుండు, పత్తి బేళ్ళు నింపుకొని ఉన్న ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ పేలిపోయింది. మంటలార్పబోయిన సిబ్బందిలో 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృత్యర్థమే ఈ వారోత్సవాలు.

అగ్ని ప్రమాదాల మాట వచ్చినప్పుడల్లా పత్రికలలో నగరాలవారీ గణాంకాలు కనిపిస్తాయి. విజయవాడకు ఒక అంకె, విశాఖపట్నానికి ఒక అంకె. తిరుపతి, చిత్తూరు ఎక్కడున్నాయని వెతికితే మాత్రం దొరకవు. మన ఊళ్ళలో నిప్పు అంటుకోక కాదు. లెక్క కట్టే పద్ధతే అలాంటిది.

ఈ అంకెలకు ఆధారం నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో. 1986లో ఏర్పడిన ఈ సంస్థ ప్రమాద మరణాలు, ఆత్మహత్యల మీద వార్షిక నివేదిక వెలువరిస్తుంది. 2019 సంవత్సరపు నివేదిక ప్రకారం దేశంలో అగ్ని ప్రమాదాలు 11,037, మరణాలు 10,915. 2022లో ప్రమాదాలు 7,566, మరణాలు 7,435. అంటే దాదాపు ప్రతి ప్రమాదానికీ ఒక మరణం. నిప్పు అంటుకున్న ప్రతి చోటా ఒకరు చనిపోతారా? పోలీసు, రెవెన్యూ శాఖలలో పనిచేసిన మిత్రులకు ఇందులోని కిటుకు ఇట్టే అర్థమవుతుంది. పోలీసు స్టేషన్లలో 174 సెక్షన్ కింద నమోదై, పంచనామా జరిగిన మరణాలే ఈ లెక్కకు పునాది. 2024 జూలై నుంచి ఆ సెక్షన్ కొత్త చట్టంలో 194 అయింది. ప్రాణం పోని ప్రమాదానికి ఈ నివేదికలో చోటు దొరకడం అరుదు.

నగరాల పట్టికకు మరో నిబంధన ఉంది. 2011 జనాభా లెక్కలలో 10 లక్షలు దాటిన 53 నగరాలనే విడిగా చూపారు. అప్పుడు తిరుపతి జనాభా సుమారు 2 లక్షల 87 వేలు, చిత్తూరుది లక్షన్నర పైచిలుకు. కనుక మన ఊళ్ళ మరణాలు రాష్ట్రపు మొత్తంలో కలిసిపోతాయి. కానీ రోజుకు 60, 70 వేలమంది యాత్రికులు వచ్చిపోయే క్షేత్రం మనది. లాడ్జీలలో, సత్రాలలో ఒక రాత్రి తలదాచుకునే ఆ జనం ఏ జనాభా లెక్కలోనూ తిరుపతివారు కారు. బస చేసినచోట నిప్పు అంటుకుంటే ఏమవుతుందో 2020 ఆగస్టు 9న విజయవాడ హోటల్లోని కోవిడ్ కేంద్రంలో, 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదు లాడ్జీలో చూశాం. మొదటి దానిలో 10 మంది, రెండో దానిలో 8 మంది మరణించారు.

అదే 2022 సెప్టెంబరులో మన ప్రాంతానికీ దెబ్బ తగిలింది. 21వ తేదీ తెల్లవారుజామున చిత్తూరులో కాగితపు పళ్ళాలు తయారుచేసే భవనంలో ముగ్గురు, 25న రేణిగుంటలో ఆసుపత్రి, నివాసం కలిసి ఉన్న భవనంలో ఒక వైద్యుడు, ఆయన ఇద్దరు పిల్లలు మరణించారు. అయిదు రోజులలో ఆరు ప్రాణాలు. నగరాల పట్టికలో వీటికి వరుస లేదు.

ప్రాణనష్టం లేని ప్రమాదాల సంగతి సరేసరి. 2014 మార్చిలో శేషాచలం అడవులు తగలబడితే వైమానిక దళ హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లాయి. 2023 జూన్ 16న గోవిందరాజస్వామి ఆలయం దగ్గర ఫోటో ఫ్రేముల దుకాణమున్న భవనం కాలిపోయింది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో దస్త్రాలు దగ్ధమయ్యాయి. దస్త్రం విలువ మనకు వేరే చెప్పాలా? ఇక పల్లెలో గడ్డివామి కాలితే పాడి రైతుకు ఏడాది మేత పోయినట్లే. ఇవేవీ మరణాల పుస్తకానికి అందవు.

పాత అంకెలతో పోల్చేటప్పుడూ జాగ్రత్త అవసరం. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయింది. నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాలు కొత్త తిరుపతి జిల్లాలో చేరాయి. 2014 జూన్ 2కు ముందటి ఆంధ్రప్రదేశ్ అంకెలలో హైదరాబాదు కూడా ఉంది. సరిహద్దు మారినప్పుడు అంకె తగ్గితే, ప్రమాదాలు తగ్గాయని సంబరపడకూడదు.

మరి అసలు లెక్క ఎక్కడుంది? అగ్నిమాపక కేంద్రంలోనే ఉంది. ఫోన్ ఎప్పుడు వచ్చింది, బండి ఎప్పుడు బయలుదేరింది, కారణమేమిటి, కాలిన ఆస్తి ఎంత, కాపాడిన ఆస్తి ఎంత అన్న వివరాలన్నీ అక్కడి నివేదికలలో ఉంటాయి. 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఎత్తయిన భవనాలకు, జనం గుమిగూడే కట్టడాలకు నిరభ్యంతర పత్రం తప్పనిసరి చేసింది. అయితే కింద వ్యాపారం, మీద కాపురం ఉండే చిన్న మేడలు మన వీధుల్లో కోకొల్లలు. వాటిలో ఎన్నింటిలో, ఏ కారణంతో నిప్పు రాజుకుంటున్నదో తెలిస్తేనే కొత్త బండి ఎక్కడ పెట్టాలో, ఏ వీధి విశాలం చేయాలో, ఏ వైర్లు మార్చాలో తేలుతుంది. లెక్కలో లేని ఊరికి బడ్జెట్టులో వాటా అడగడం ఎంత కష్టమో కార్యాలయాలలో జీవితం గడిపిన మనకు తెలియనిది కాదు.

కాబట్టి మన సంఘం చేయదగిన పని ఒకటుంది. తిరుపతి, చిత్తూరు అగ్నిమాపక కేంద్రాలవారీగా ప్రతి ఏటి లెక్కను వారోత్సవాలలో ప్రకటించమని అధికారులను కోరుదాం. అవసరమైతే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. రిజిస్టర్లు రాయడమూ, చదవడమూ వచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ అంకెలను ఏడాదివారీగా పేర్చిపెడితే అదే మన ఊళ్ళ అగ్ని ప్రమాదాల చరిత్ర అవుతుంది.

ఇంట్లో చేయదగినవీ కొన్ని ఉన్నాయి. దేశంలో అగ్ని ప్రమాద మరణాలలో సగానికి పైగా ఇళ్ళలోనే జరుగుతున్నాయి. రాత్రి పడుకోబోయే ముందు గ్యాసు రెగ్యులేటరు కట్టేయండి. దేవుడి దగ్గర దీపం వెలిగించి ఇల్లు తాళం వేసి వెళ్ళకండి. మెట్ల దారిలో సామాను పెట్టకండి. పెన్షను కాగితాల నకళ్ళు మరో ఇంట్లో కూడా ఉంచండి. 101, 112 నెంబర్లు గోడమీద పెద్ద అక్షరాలతో రాసి, మనవళ్ళకూ మనవరాళ్ళకూ నేర్పండి.