చాతనవడం, చాతకాకపోవడం

ధాత కరువు నాటి సర్కారు కాగితాలు చదువుతుంటే ఒక ఇంగ్లీషు మాట మాటిమాటికీ ఎదురవుతుంది: ఏబుల్-బాడీడ్. రెండు ముక్కలు అతికిన విశేషణం. నిఘంటువులో అర్థం సాదాసీదాగానే ఉంటుంది, కష్టం చేయగల గట్టి ఒళ్లున్న మనిషి అని. కానీ 1876 నుంచి 1878 దాకా కర్నూలు, కడప జిల్లాల్లో ఆ మాట మనుషుల్ని వర్ణించలేదు, విడదీసింది. అది ఎవరికి తగిలిస్తే వాళ్లకు ఊరికే గంజి లేదు. మట్టి మొయ్యాలి, కంకర కొట్టాలి, అప్పుడే కూలి.

ఈ లెక్క ఇంగ్లండు నుంచి వచ్చింది. 1834 నాటి పేదల చట్టం ప్రకారం ఒళ్లు గట్టిగా ఉన్నవాడికి ఇంటి దగ్గర సాయం చేస్తే సోమరి అవుతాడు, వర్క్‌హౌస్‌లో చేరితేనే తిండి పెట్టాలి. అక్కడ పెళ్లయిన ఆడదాని ఒంటికి సొంత లెక్కే లేదు. మొగుడు ఏ వర్గమైతే ఆమెదీ అదే.

సీమలో ఆడవాళ్లకు విడిగా లెక్క కట్టారు. 1877 జనవరిలో కరువు ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, పైన ఒక అణా. ఆడమనిషికి అంతకన్నా తక్కువ. పనికి పంపేటప్పుడు ఇద్దరివీ చాతనైన ఒళ్లే. డబ్బులు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఆమె ఒళ్లు కొంచెం తక్కువ చాతనైనది! పాలిచ్చే ఒంటికి ఎక్కువ తిండి కావాలని ఇవాళ ఏ అంగన్‌వాడీ కార్యకర్తనడిగినా చెబుతుంది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అప్పుడే గొడవ పెట్టాడు, కష్టం చేసే ఒంటికి ఆ పౌను చాలదని. అదే ఏడాది కూలి పెంచక తప్పలేదు. ఆలోపు పోయినవాళ్లు పోయారు. 1871లో 9 లక్షల 14 వేలున్న కర్నూలు జిల్లా జనం 1881 నాటికి 6 లక్షల 78 వేలకు పడిపోయారు.

1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట 1883లో కరువు నియమావళి వచ్చాయి. ముసలివాళ్లకు, రోగులకు ఊళ్లోనే సాయం అన్నారు. బయటికి రాని గోషా స్త్రీలకు కూడా ఇంటి దగ్గరే అన్నారు. మంచిదే. కానీ ఎండలో తట్ట మోయడం ఎవరి ఒంటికి సహజమో, ఎవరి ఒంటికి అవమానమో కులమూ మర్యాదా ముందే తేల్చిపెట్టాయి. మాల, మాదిగ ఆడవాళ్ల ఒంటికి గోషా ఎవరిచ్చారు? వాళ్లెప్పుడూ ఏబుల్-బాడీడే.

ఈ మాటకు సరైన తెలుగు నాకింకా దొరకలేదు. దృఢకాయులు అంటే పహిల్వాన్లు గుర్తొస్తారు. సీమలో మనం 'చాతనవుతుంది', 'చాతకాదు' అంటాం. అది మనిషికి అతికించే విశేషణం కాదు, ఎవరి ఒంటి గురించి వాళ్లు చెప్పుకునే మాట. 'నాకు చాతకాదు నాయనా' అని ఆడమనిషి తట్ట కింద పెడితే, ఆమె మాటకు విలువ ఉండాలి. కరువు పనుల దగ్గర ఆమెకు చాతనవునో కాదో చెప్పే అధికారం చూసి రాసుకునే అధికారిది. ఇంగ్లీషు మాటలో ఒళ్లుంది గానీ నోరు లేదు.

తమాషా ఏమంటే, ఇప్పుడు ఇదే మాట కోర్టుల్లో ఆడవాళ్ల వైపు నిలబడుతోంది. భార్యకు మనోవర్తి ఇవ్వలేను, నాకు రాబడి లేదు అనే భర్తతో, ఒళ్లు గట్టిగా ఉంటే కాయకష్టం చేసైనా సంపాదించి పోషించాలని 2022లో అంజు గర్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చదివి సంతోషపడ్డాను. కానీ 'ఆమెకేమైంది, చదువుకుంది, ఆమె ఒళ్లూ గట్టిగానే ఉంది కదా' అని భర్త తరఫువాళ్లు ఎదురు తిరగడం కూడా ఆ కోర్టు వరండాల్లోనే వింటాం.