12345654321 (సంఖ్య)

12345654321 (1234 కోట్ల 56 లక్షల 54 వేల 321) పదకొండు అంకెల సహజ సంఖ్య. ఎటునుండి చదివినా ఒకే విధంగా ఉంటుంది.

ఇది 111111 యొక్క వర్గము. 111111 = 3 × 7 × 11 × 13 × 37 కావున దీనికి 243 భాజకాలు ఉన్నాయి. అంకెల మొత్తం 36.

గుణకారంలో ఒకట్ల వరుసలు ఒక్కొక్క స్థానం జరుగుతూ రావడం వలన నిలువు మొత్తాలు 6 వరకు పెరిగి మరల తగ్గుతాయి. తొమ్మిది ఒకట్ల వర్గము వరకు ఈ క్రమం చెల్లుతుంది. పది ఒకట్లకు మధ్య మొత్తం 10 అగుటచే క్రమం చెదరి 1234567900987654321 వస్తుంది.

9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు సంస్కృత గణితసారసంగ్రహములో 27994681 × 441 లబ్ధముగా ఈ సంఖ్యను ఇచ్చాడు. ఈ రెండును వరుసగా 5291, 21ల వర్గములు; 5291 × 21 = 111111. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దిలో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అది తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరొందింది.